టీఆర్‌ఎన్‌ఏలో ముందు పుట్టింది ఏ సగం?

మల్లేశ్వరం చదువరి: మొన్న జయనగరం కూడికలో తేలని ప్రశ్న. ప్రొటీన్ కట్టే చోటికి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏ టీఆర్‌ఎన్‌ఏ. దాని పై సగం కొసన అమైనో ఆమ్లం, సుమారు 75 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరాన కింది సగం కొసన యాంటీకోడాన్, అంటే ఎమ్మార్‌ఎన్‌ఏ (జన్యు సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ)లోని మూడక్షరాల కోడాన్‌ను చదివే ముక్క. ఏది పాతది?

జాలహళ్ళి రావు: పై సగమే. జన్యు కోడ్ మొదలైంది అక్కడే. అలనీన్ అనే అమైనో ఆమ్లపు టీఆర్‌ఎన్‌ఏను, ఆమ్లం ఎక్కించే ఎంజైమ్‌కు గుర్తుపట్టించేది పై సగపు కాండంలోని జీ3–యూ70 జత (3వ అక్షరం జీ, 70వ అక్షరం యూ) అని 1988లో హౌ, షిమ్మెల్ తేల్చారు. మరుసటేడు యాంటీకోడాన్ ఊసే లేని 12 జతల మినీహెలిక్స్‌కు (పై సగం మాత్రమే ఉన్న పొట్టి ఆర్‌ఎన్‌ఏకు) కూడా ఎంజైమ్ అలనీన్ ఎక్కించింది.

బసవనగుడి వసంత: ఒక్క అలనీన్‌తో 20 ఆమ్లాలకీ తీర్పా? ఈ. కోలై బ్యాక్టీరియాలో ఆమ్లం ఎక్కించే ఎంజైముల్లో 17 యాంటీకోడాన్‌ను చూస్తాయి. మెథియొనిన్‌కైతే అందులో మొదటి సీ మారితే చాలు, చర్య లక్ష రెట్లు పడిపోతుంది. పైగా మినీహెలిక్స్‌కు ఎక్కేది అరకొరే.

హెబ్బాళ్ సుధ: అరకొరగా ఎక్కితే ముందు ఆర్‌ఎన్‌ఏను అనుమానించండి. ల్యాబులో ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే టీ7 పాలిమరేజ్ ఎంజైమ్ దాని కొసన ఒకటి రెండు అక్షరాలు అదనంగా చేరుస్తుంది. టీఆర్‌ఎన్‌ఏ చివరి మూడక్షరాలైన సీసీఏ తర్వాత అక్షరం మిగిలితే ఆమ్లం ఎక్కే చోటే ఉండదు. అది రాకుండా, టెంప్లేట్ (నకలు తీసే మూల డీఎన్‌ఏ) 5 ప్రైమ్ కొసన రెండు న్యూక్లియోటైడ్లకు (అక్షరాలకు) 2-ప్రైమ్-ఓ-మిథైల్ అనే రసాయన గుంపు పెట్టించండి. గాఢత ఎక్కువైతే పొట్టి పోగులు రెండేసి జతకట్టి డైమర్లవుతాయి. అందుకే పలచగా ఉంచి, 85 డిగ్రీల్లో 2 నిమిషాలు వేడిచేసి, వెంటనే ఐసులో పెట్టి, ఆ తర్వాతే 10 మిల్లీమోలార్ మెగ్నీషియం కలపాలి. ఆమ్లం ఎక్కిందో లేదో చూసే జెల్ పీహెచ్ 5 దగ్గర, చలిగదిలో నడవాలి. క్షారంలో ఆమ్లాన్ని ఆర్‌ఎన్‌ఏకు కలిపే ఎస్టర్ బంధం తెగి, ఎక్కింది కూడా ఎక్కనట్టే కనిపిస్తుంది.

జాలహళ్ళి రావు: విన్నారా వసంతగారూ? పైగా నానోఆర్కియమ్ ఈక్విటన్స్ అనే సూక్ష్మజీవిలో కొన్ని టీఆర్‌ఎన్‌ఏలు నేటికీ రెండు జన్యువుల నుంచి వచ్చి అతికిన ముక్కలే. రెండు సగాలూ ఒకప్పుడు విడివిడిగా ఉండేవనడానికి అదే గుర్తు.

బసవనగుడి వసంత: ఆ ముక్కలు తెగేది 37వ అక్షరం తర్వాత, యాంటీకోడాన్ పక్కనే! పై సగానికీ కింది సగానికీ మధ్య కాదు. చూడకుండా రాయకండి రావుగారూ. జీ3–యూ70 ఉంటే అలనీన్ ఎక్కుతుంది, ఒప్పుకున్నా. దాని కోడాన్ జీసీయూ అని ఆ కాండంలో ఎక్కడుంది? ఎమ్మార్‌ఎన్‌ఏను చదవనిదాన్ని కోడ్ అనకండి.

మల్లేశ్వరం చదువరి: కాస్త నెమ్మది.

జాలహళ్ళి రావు: నానోఆర్కియమ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఏ ఆర్‌ఎన్‌ఏకు ఏ ఆమ్లం అన్న నియమమే నా దృష్టిలో కోడ్. మీకు కోడాన్ చదవడం కోడ్. గొడవంతా ఇక్కడే ఉంది. ప్రొటీన్ కట్టే రైబోజోమ్‌లోని పెద్ద భాగమైన 50ఎస్ సబ్‌యూనిట్‌కు ఆమ్లం మోస్తున్న సీసీఏ ముక్క, ఆమ్లం ఎక్కిన టీఆర్‌ఎన్‌ఏ కొసను పోలిన ప్యూరోమైసిన్ మందు, కాస్త ఆల్కహాల్ ఇస్తే చాలు, ఎమ్మార్‌ఎన్‌ఏ లేకుండానే ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం కడుతుంది.

బసవనగుడి వసంత: బంధం కడుతుంది, వరుస కట్టదు. వరుసే లేని పెప్టైడ్‌కు మీ నియమం ఏం పనికొచ్చిందో అది చెప్పండి, అప్పుడు పై సగం ముందని ఒప్పుకుంటాను.