పెనెలొపీ మగ్గం ముందు అలా ఎందుకు కూర్చుంది?

కొత్తవాడ అమ్మాయి:
మాది వరంగల్ కొత్తవాడ, ఇంట్లో దర్రీల మగ్గం ఉంది, నేను బొమ్మలు నేర్చుకుంటున్నా. చిత్రకారిణి ఆంజెలికా కాఫ్‌మన్ 1764లో వేసిన పెనెలొపీ చూశాను, గ్రీకు పురాణంలో యుద్ధానికి వెళ్లిన భర్త కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆమె. మగ్గం ముందు చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది, కాళ్ల దగ్గర కుక్క. నేయట్లేదు. 1774లో ఆమే వేసిన అరియాడ్నే కూడా ప్రియుడు థీసియస్ వదిలేసి పోయాడని కుమిలిపోతూనే ఉంటుంది. ఆడమనిషి వేసినా పురాణంలో ఆడవాళ్ల పని మగవాడి కోసం ఏడవడమేనా? నిజంగా కోపమొచ్చింది.

డ్రాయింగ్ సార్, హన్మకొండ:
కోపం న్యాయమే అమ్మా. కానీ కాఫ్‌మన్‌కు ఏ తలుపులు మూసి ఉన్నాయో కూడా చూడు. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాకారుల సంస్థ పెట్టినవాళ్లలో ఇద్దరే ఆడవాళ్లు, ఈమె, మేరీ మోజర్. జొఫానీ అనే చిత్రకారుడు ఆ సభ్యుల బొమ్మ వేస్తే మగవాళ్లంతా నగ్న మోడల్ చుట్టూ ఉన్నారు, వీళ్లిద్దరు మాత్రం గోడకు వేలాడే పటాల్లో! మోడల్ ఉన్న గదిలోకి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. మగ శరీరాలు గీసే అభ్యాసమే లేకపోతే యుద్ధాలు ఎలా వేస్తారు, అందుకే ఆడమనిషి నడుమ ఉండే కథలు. తర్వాత అదే అకాడమీ పైకప్పుకు నాలుగు బొమ్మలు వేసింది, 1778-80లో. అందులో ‘డిజైన్’ చూడు: ఒక స్త్రీ కూర్చుని, తల, చేతులు లేని మగ విగ్రహాన్ని చూస్తూ గీస్తుంటుంది. చూసేది ఆమె, చూడబడేది అతను.

నేత ఇంటి కోడలు:
సార్ చెప్పింది నిజమే, కానీ కారణం అదొక్కటే అంటే నేను ఒప్పుకోను. చెల్లె, పెనెలొపీ తనను పెళ్లి చేసుకోమని మీదపడుతున్నవాళ్లతో మామగారి శవం మీద కప్పే గుడ్డ నేశాకే మాట్లాడతానని చెప్పి, పగలు నేసింది రాత్రి దివిటీ వెలుగులో విప్పేది కదా, మూడేళ్లు! మా అత్తమ్మ డిజైన్ తప్పితే జానెడు విప్పడం చూశాను, పడుగు తెగకుండా పేక ఒక్కొక్క పోగే వెనక్కి తీయాలి, నేసినదానికన్నా ఎక్కువసేపు పట్టింది, వేళ్లు ఎర్రబడ్డాయి. రాత్రంతా ఆ పని చేసి, ఎప్పుడు దొరికిపోతానో అన్న టెన్షన్‌తో ఉన్న మనిషి పొద్దున అలాగే కూర్చుంటుంది.

కొత్తవాడ అమ్మాయి:
అక్కా, కథ తెలిసి కూడా ఆ వేళ్లు గుర్తుకు రాలేదు. అమ్మ ఈసారి పేక విప్పేటప్పుడు పక్కన కూర్చుని స్కెచ్ వేస్తా, ముందు చేతులే.