పబ్ ఫ్రూట్ మెషిన్ల రోములు: అందరికీ తెరిచిపెట్టాలా, తెలిసినవారి మధ్యనే ఉంచాలా?

పాతబోర్డు (చర్చ మొదలుపెట్టినవారు)

బ్రిటన్ పబ్బుల్లో నాణెం వేసి ఆడే ఫ్రూట్ మెషిన్లను (పండ్ల బొమ్మల రీళ్లు తిరిగే జూదపు యంత్రాలను) కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్ల విషయమై ఇక్కడ పదేపదే మాటామాటా పెరుగుతోంది కనుక, ప్రశ్నను సూటిగా పెడుతున్నాను. ఈ రంగంలో రెండు దారులున్నాయి. ఎంఎఫ్ఎంఈ అన్నది ఈ యంత్రాల కోసమే పుట్టి, తన సోర్సు కోడును బయటపెట్టకుండా పెరిగిన ప్రోగ్రాం. మేమ్ అన్నది 1997లో ఆర్కేడ్ ఆటలతో మొదలై, 2016లో స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చినది. మేమ్‌లో ఫ్రూట్ మెషిన్ల రోములు, అంటే చిప్పుల్లోని ప్రోగ్రాం నకళ్లు, కుప్పలుగా చేరాయి గాని, వాటిలో ఎక్కువ భాగం పనిచేయనివిగానే నమోదయ్యాయి. ఆడలేనివాటితో జాబితా ఎందుకు నింపారని ఆర్కేడ్ అభిమానులూ, మేము సేకరించినవాటిని మమ్మల్ని అడగకుండా ఎందుకు తీసుకున్నారని ఫ్రూట్ మెషిన్ అభిమానులూ నిలదీస్తున్నారు. నా మటుకు నేను అన్నిటినీ చేర్చవలసిందేనంటాను.

దీపాలవరుస

పాతబోర్డు గారూ, మీరు రోము ఒక్కటే యంత్రమన్నట్టు మాట్లాడుతున్నారు. ఆర్కేడ్ ఆటలో బొమ్మంతా చిప్పుల్లోనే ఉంటుంది కాబట్టి వాటిని చదివి ప్రాసెసర్‌ను అనుకరిస్తే తెర మీద ఆట కనబడుతుంది. ఫ్రూట్ మెషిన్ రోములో ఏ బల్బు ఎప్పుడు వెలగాలో, ఏ రీలు ఎంత తిరగాలో మాత్రమే రాసి ఉంటుంది. చెర్రీలూ గంటలూ రీలు పట్టీ మీద, మిగిలిన ఆటంతా ముందరి అద్దం మీద అచ్చయి ఉంటాయి.

నేను ఒక యంత్రానికి లేఅవుట్, అంటే తెర మీద కనబడే దాని ముఖచిత్రం, చేసినప్పుడు, అద్దం స్కానరులో పట్టనందున ముక్కలుముక్కలుగా స్కాన్ చేసి, అతుకులు కనబడకుండా కలిపి, టెస్టు మెనూలో బల్బులను ఒక్కొక్కటిగా వెలిగిస్తూ ఏ అంకె ఎక్కడ ఉందో చిత్రం మీద గుర్తించుకున్నాను. మూడు నెలల సాయంత్రాలు దానికే పోయాయి. తర్వాత ఎవరో దాన్ని నా పేరైనా ఉంచకుండా వేల ఆటలున్న హార్డ్ డిస్కులో కలిపి అమ్ముకున్నారు. అటువంటి దెబ్బ తిన్నవారు తమ దగ్గరున్నదాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే స్వార్థమని తేల్చేయడం న్యాయం కాదు.

పాతబోర్డు

అలా అమ్ముకున్నవారు చేసింది దొంగతనమే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే లేఅవుట్ మీరు చేసినది, రోము మనలో ఎవరూ చేసినది కాదు. అది తయారీదారుది, ఆ హక్కులూ చేతులు మారుతూ వచ్చాయి. బార్‌క్రెస్ట్ అనే తయారీ సంస్థ 1998లో ఐజీటీకి, 2011లో సైంటిఫిక్ గేమ్స్‌కు వెళ్లింది. ముప్పై ఏళ్ల నాటి చిప్పును కాపాడే బాధ్యత ఆ కంపెనీలు నెత్తిన వేసుకుంటాయని నేను అనుకోను.

ఈలోగా బోర్డులు చచ్చిపోతున్నాయి. నా చేతికొచ్చిన ఒక ఎంపీయూ4 (అదే సంస్థ వాడిన సర్క్యూట్) బోర్డులో మెమరీని నిలిపే బ్యాటరీ కారి, చుట్టూ ఉన్న రాగి గీతలు పచ్చగా పొడిబారి, గోరు తగిలితే రాలిపోయాయి. దానికి తోడు ఆ బోర్డు ఆటల్లో క్యారెక్టరైజర్ అనే రక్షణ చిప్పు ఒకటుంటుంది. ప్రోగ్రాం అడిగినదానికి అది సరైన జవాబు ఇవ్వకపోతే ఆట మొరాయిస్తుంది, కొన్నింటిలో బల్బుల వరుసలే తారుమారవుతాయి. అలాంటి చిక్కుముడి విప్పాలంటే ఒకే ఆట తాలూకు నాలుగైదు వెర్షన్లను పక్కపక్కన పెట్టి పోల్చాలి. అవి నలుగురి బీరువాల్లో విడివిడిగా ఉంటే ఆ పోలిక ఎన్నటికీ జరగదు. పనిచేయని రోములను కూడా చేర్చాలని నేను పట్టుబట్టేది అందుకే.

రీలుచప్పుడు

నాది వేరే భయం. ఇంకా పబ్బుల్లో డబ్బు మింగుతున్న యంత్రం రోము బయటికొస్తే, ఇంట్లో కూర్చుని దాని లోపాలు కనిపెట్టి, మర్నాడు వెళ్లి దాన్ని ఖాళీ చేసేవారు ఉంటారు. నష్టపోయేది పబ్ నడిపేవారు.

పాతబోర్డు

వాడుకలో ఉన్న యంత్రాల వరకు మీ మాటకు కట్టుబడతాను, అవి ఆగాలి. అయితే రహస్యం ఆటగాడికి చేసిన నష్టాన్ని కూడా చూడండి. అంకె చూపించి, తర్వాతది ఎక్కువో తక్కువో చెప్పమనే పందెం ఈ యంత్రాల్లో మామూలే. ఎమ్యులేటర్లో సరిగ్గా ఆ క్షణాన్ని భద్రపరచి, ఒకసారి ఎక్కువ అనీ, వెనక్కి వచ్చి మరోసారి తక్కువ అనీ నొక్కి చూసినవారికి రెండు సార్లూ ఓటమే ఎదురైంది. యంత్రం ముందే నిర్ణయించుకుని, నొక్కే అవకాశాన్ని మాత్రం మనకు వదిలింది. గెలిచే అవకాశమే లేని ఎంపికను యంత్రం ఒక్కోసారి ఇవ్వవచ్చునని అక్కడి యంత్రాల మీద హెచ్చరిక కూడా కనిపిస్తుంది. ఆ వాక్యానికి అర్థమేమిటో పబ్‌లో నిలబడి ఆడేవారికి తెలిసే దారి లేదు. రోము చేతిలో ఉన్నవారికే కళ్లకు కట్టింది.

దీపాలవరుస

ఆ చివరి మాట కాదనలేను. నా దగ్గర ఆరు బోర్డులున్నాయి, అన్నీ పబ్బుల నుంచి ఎప్పుడో తీసేసినవే. చిప్పుల మీది లేబుళ్ల ఫోటోలతో సహా వాటి డంపులు (చిప్పుల్లోంచి చదివి తీసిన ఫైళ్లు) ఇస్తాను. లేఅవుట్లు మాత్రం ఇవ్వను. నా పేరు చెరపకుండా ఉంచుతామని, అమ్మకానికి పోనివ్వమని మేమ్‌వారు రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజున మళ్లీ మాట్లాడుకుందాం. ఒకటి చెప్పండి, చెల్లింపు శాతాన్ని (వేసిన డబ్బులో ఆటగాళ్లకు తిరిగిచ్చే భాగాన్ని) నిర్ణయించే ప్లగ్గు రెండు బోర్డులకు ఊడిపోయింది. ఏ శాతానిదో తెలియకుండానే పంపవచ్చా?

పాతబోర్డు

పంపండి. ప్లగ్గు లేదన్న సంగతిని ఫోటో కిందనే రాయండి.