పారాలీగల్ కోర్సు చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తపుస్తకం:
అందరికీ నమస్కారం. ఇండియాలో బీకాం చేసి కొన్నాళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. ఇప్పుడు అమెరికాలో ఉన్నాను, హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉంది. లా అంటే మొదటినుంచీ ఇష్టం. కానీ లా స్కూల్ అంటే మూడేళ్లు, దాని ఫీజులు చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి. అందుకే పారాలీగల్, అంటే లాయర్ల దగ్గర కేసు పనుల్లో సాయంచేసే ఉద్యోగం వైపు చూస్తున్నాను. దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో నాలుగేళ్ల బ్యాచిలర్స్, రెండేళ్ల అసోసియేట్, సర్టిఫికెట్ మూడూ ఉన్నాయి. ఏది తీసుకోవాలి? ఇంగ్లీషు మాట్లాడటం పర్లేదు గానీ రాయాలంటేనే టెన్షన్. వెబ్‌సైట్లలో ఉన్నదంతా చదివేశాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

ఫైల్_గది:
మీకు డిగ్రీ ఉంది కదండీ, మళ్లీ నాలుగేళ్లు ఎందుకు? డిగ్రీ ఉన్నవాళ్ల కోసమే పెట్టిన సర్టిఫికెట్ కోర్సు చాలు. మీ బీకాంని ముందు క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చడం) చేయించుకోండి, అడ్మిషన్ వాళ్లు అడిగే మొదటి కాగితం అదే.

ఆ ప్రోగ్రామ్‌కి ఏబీఏ, అంటే అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదం ఉందో లేదో చూడండి. వాళ్లు 1970ల నుంచి పారాలీగల్ ప్రోగ్రాములను పరిశీలించి ఆమోదిస్తున్నారు, జాబితా వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఏబీఏ ఆమోదించేది ప్రోగ్రామ్‌ని, మనిషిని కాదు. "ఏబీఏ సర్టిఫైడ్ పారాలీగల్ అయిపోతారు" అని ఏ కాలేజీ అయినా చెప్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నాకు ఒకచోట సరిగ్గా ఇదే చెప్పారు, పైగా ఉద్యోగం గ్యారంటీ అని కూడా.

తీర్పరి:
పై మాటతో పూర్తిగా ఏకీభవించను. పెద్ద ఫర్మ్‌లలో చాలాచోట్ల బ్యాచిలర్స్ అడుగుతున్నారు. కొత్తపుస్తకం గారికి అది ఇప్పటికే ఉంది కాబట్టి సరిపోతుంది. ఇంటర్‌తో ఆపేసి వచ్చినవాళ్లు మాత్రం సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాలని చూడకండి.

ఇంకోటి, చాలా రాష్ట్రాల్లో పారాలీగల్‌కి లైసెన్స్ లేదు. కాలిఫోర్నియాలో మాత్రం చట్టం చెప్పిన అర్హత లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. ప్రతి రెండేళ్లకీ కొన్ని గంటల లా, ఎథిక్స్ క్లాసులు కూడా పూర్తిచేస్తూ ఉండాలి.

రెండో_షిఫ్ట్:
నేను ప్రస్తుతం చదువుతున్నాను, పగలు ఉద్యోగం, రాత్రి క్లాసులు. లీగల్ రీసెర్చ్, సివిల్ ప్రొసీజర్ (సివిల్ కేసు నడిచే పద్ధతి), టార్ట్స్ (ఒకరి తప్పువల్ల ఇంకొకరికి జరిగే నష్టాల చట్టం), కాంట్రాక్ట్స్, ఎథిక్స్ అందరికీ తప్పనిసరి. వీటిలో మనల్ని నిజంగా పిండేది సివిల్ ప్రొసీజర్.

ఒక అసైన్‌మెంట్ చెప్తాను. ఫెడరల్ కోర్టు కేసు. ప్రతివాదికి 2025 జూన్ 13న సమన్లు చేతికి అందాయి. జవాబు దాఖలు చేయడానికి ఆఖరి రోజు ఏది? ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లో రూల్ 12 ప్రకారం గడువు 21 రోజులు. లెక్కపెట్టే పద్ధతి రూల్ 6లో ఉంటుంది. సమన్లు అందిన రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెట్టాలి. శని, ఆదివారాలూ, మధ్యలో వచ్చే జూన్ 19 సెలవూ అన్నీ లెక్కలోకే వస్తాయి. అలా చూస్తే జూలై 4 అవుతుంది. అది ఫెడరల్ సెలవు, శుక్రవారం. తర్వాత శని, ఆది. కాబట్టి ఆఖరి రోజు జూలై 7, సోమవారం. క్లాసులో సగం మంది జూలై 3 అని రాశారు, సెలవుకు ముందు రోజు పెట్టేస్తే సేఫ్ అనుకుని. ప్రొఫెసర్ మార్కులు ఇవ్వలేదు. సేఫ్‌గా ముందే ఫైల్ చేయడం లాయర్ ఇష్టం, తేదీ లెక్క తప్పకుండా చెప్పడం మీ పని అన్నారు.

అదే ప్రతివాది సమన్లు నేరుగా తీసుకోకుండా వెయివర్ (సమన్లు చేతికి అందించక్కర్లేదని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెడితే 60 రోజులు వస్తాయి. స్టేట్ కోర్టయితే రూల్స్ మళ్లీ వేరు, కాలిఫోర్నియాలో 30 రోజులు. ఇదంతా బట్టీ పట్టాల్సిన పనిలేదు గానీ, ఏ రూల్ ఎక్కడ ఉందో చేతికి అలవాటు కావాలి.

కొత్తపుస్తకం:
బాబోయ్, అకౌంట్స్‌లో ఇయర్ ఎండింగే నయం అనిపిస్తోంది. కానీ ఇలాంటి లెక్కలు నాకు ఇష్టమే. రాత సంగతి ఎవరైనా చెప్పండి.

ఫైల్_గది:
రాతకి భయపడకండి. ఇక్కడ కావలసింది మంచి ఇంగ్లీషు కంటే క్రమం. సమస్య ఏమిటి, దానికి వర్తించే రూల్ ఏది, మన కేసుకి అదెలా వర్తిస్తుంది, చివరికి ఏం తేలింది. కేసు మీద లాయర్‌కి రాసిచ్చే ప్రతి మెమోలో ఇదే వరస. స్కూల్లో వ్యాసాలకు పెట్టే ఉపోద్ఘాతాలు ఇక్కడ పనికిరావు, మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. మనవాళ్లకి ఈ అలవాటు పోవడానికే టైం పడుతుంది.

తర్వాత కావాలంటే NALA అనే పారాలీగల్స్ సంఘం పెట్టే సర్టిఫైడ్ పారాలీగల్ పరీక్ష రాయవచ్చు. అందులో మొదటి భాగం మల్టిపుల్ చాయిస్, అది పాసైతే రెండోది రాత పరీక్ష. తప్పనిసరి కాదు, రెజ్యూమేలో మాత్రం బాగుంటుంది.

చాట్‌బాట్‌తో మెమో రాయించుకోవాలని మాత్రం చూడకండి. 2023లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేనే లేని తీర్పులను న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకి ఇచ్చి 5,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్నారు. ఆ ఉత్తర్వు పీడీఎఫ్ మా ఎథిక్స్ క్లాసులో మొదటి పాఠం.

ఎఫ్‌వన్_తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, నేను ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద పారాలీగల్ డిగ్రీకి వద్దామనుకుంటున్నాను. తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా వస్తుందా?

తీర్పరి:
తమ్ముడూ, సూటిగా చెప్తాను. లీగల్ స్టడీస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు, కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, ఏడాదితో ఆగిపోతుంది. హెచ్1బీకి ఆ ఉద్యోగంలో చేరాలంటే ఫలానా సబ్జెక్టులో బ్యాచిలర్స్ తప్పనిసరి అని చూపించాలి. పారాలీగల్ పనికి అసోసియేట్ డిగ్రీ, సర్టిఫికెట్ ఉన్నవాళ్లనూ తీసుకుంటారు కాబట్టి అక్కడే పేచీ వస్తుంది. అప్పుచేసి ఈ డిగ్రీకి రావద్దు. కొత్తపుస్తకం గారి సంగతి వేరు, ఆవిడకి వర్క్ పర్మిట్ ఉంది.

మంచుఊరు:
నేను కెనడా, అంటారియో. ఇక్కడ పారాలీగల్ అంటే లా సొసైటీ లైసెన్స్ ఉన్న వృత్తి. గుర్తింపు ఉన్న కాలేజీ కోర్సు, ఫీల్డ్ ప్లేస్‌మెంట్, ఆపైన లైసెన్స్ పరీక్ష. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో, అద్దె గొడవల ట్రిబ్యునల్‌లో క్లయింట్ తరఫున మనమే నిలబడి వాదించవచ్చు. అమెరికాలో చదివినదాన్ని ఇక్కడికి పట్టుకొచ్చి పని మొదలుపెడదామంటే కుదరదు.

రెండో_షిఫ్ట్:
కొత్తపుస్తకం గారూ, ఎవరూ చెప్పని ఇంకో మాట. మీరు కోర్సులో చేరారని తెలియగానే తెలిసినవాళ్లంతా ఫోన్ చేస్తారు. "మా అత్తగారి వీసా ఫారం నింపి పెట్టమ్మా, ఏ గడిలో ఏం రాయాలో నీకు తెలుసుగా" అని. ఏం రాయాలో చెప్పడం లీగల్ సలహా కిందకి వస్తుంది. లాయర్ కాకుండా సలహా ఇవ్వకూడదు, కేసు ఒప్పుకోకూడదు, ఫీజు ఖరారు చేయకూడదు. మొహమాటపడితే ఇరుక్కుంటారు. ఇమిగ్రేషన్ మీదే ఆసక్తి ఉంటే న్యాయశాఖ గుర్తించిన లాభాపేక్ష లేని సంస్థలో చేరి అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్ కావచ్చు, అది చట్టబద్ధమైన దారి.

కొత్తపుస్తకం:
అందరికీ చాలా థాంక్సండీ. సర్టిఫికెట్‌కే వెళ్తున్నాను. బీకాం ఉంది కాబట్టి ఎలెక్టివ్స్‌లో ఏది మంచిది?

ఫైల్_గది:
బ్యాంక్రప్సీ (దివాలా కేసులు), లేదా ప్రొబేట్ (చనిపోయినవాళ్ల వీలునామా, ఆస్తుల కేసులు). ఛాప్టర్ 7 (ఒక రకం దివాలా) కేసంటే ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ షెడ్యూళ్లలో పొల్లుపోకుండా ఎక్కించాలి. ట్రయల్ బ్యాలెన్స్ చూసిన కళ్లకి అది కష్టం కాదు. అన్నట్టు, కోర్టు పబ్లిక్ రికార్డులోకి వెళ్లే కాగితాల్లో సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే ఉండాలి, మిగతావి కొట్టేయాలి. ఇంటర్న్‌షిప్‌లో మీకు మొదట అప్పజెప్పేది ఆ పనే కావచ్చు. చేరేముందు ఆ బ్యాంక్రప్సీ క్లాసు ఏ సెమిస్టర్‌లో పెడతారో అడగండి, మా దగ్గర ఏడాదికి ఒకసారే ఉండేది.