ఛాతీకి రంధ్రం పడే గాయం: కిట్‌లో ఏం పెట్టాలి?

108లో పనిచేసేవాళ్లు, ఎమర్జెన్సీ నర్సులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఊళ్లో ప్రథమ చికిత్స నేర్పేవాళ్ల కోసం కిట్ తయారు చేస్తున్నాం.

ఎద్దు కొమ్ము దిగి ఛాతీకి రంధ్రం పడితే, ఊపిరి తీసినప్పుడల్లా బుసబుసమని గాలి పోతుంది, నురగ నెత్తురు వస్తుంది. ప్లాస్టిక్ కవరు పెట్టి మూడు వైపులా టేపు వేయడం పాత పద్ధతి. 2015 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్, రెడ్‌క్రాస్ మార్గదర్శకాలు మామూలు జనాన్ని గాలి ఆడకుండా గాయం మూయొద్దనే అంటున్నాయి. అలా మూస్తే గాలి లోపలే చిక్కుకుని ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేయొచ్చు, అదే ప్రాణం తీయొచ్చు. కావాలంటే పొడి గాజుగుడ్డ వదులుగా వేయొచ్చు.

మా భయమల్లా ఆ గాజుగుడ్డతోనే. నెత్తురుతో తడిసి అట్టకడితే అదీ మూతలాగే పనిచేస్తుంది. ఊపిరి ఆడడం కష్టమైతే వెంటనే ఎత్తేయమని చెప్తున్నాం, అది చాలా? కవాటం ఉన్న చెస్ట్ సీల్ (ఛాతీ గాయానికి అంటించే పట్టీ, లోపలి గాలిని బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు) మన దగ్గర విడిగా ఎక్కడ దొరుకుతుంది? చెమట, నెత్తురు తుడిచాక నిజంగా అంటుకుంటుందా? వీపు వైపు రెండో రంధ్రం ఉండొచ్చు కాబట్టి రెండు పెట్టాలా?

ఇంకోటి, ఇనుప చువ్వ గుచ్చుకుంటే లాగొద్దని చెప్తున్నాం. దాన్ని కదలకుండా చుట్టూ ఆనించి కట్టడానికి ఎన్ని అంగుళాల బ్యాండేజీ, ఎన్ని చుట్టలు ఉంచాలి?