కూలికి పోయే బాలింతకు డబ్బా పాలు సర్కారే ఇవ్వాలా?

నర్సంపేట_బిడ్డ (చర్చ మొదలుపెట్టింది)

మా మరదలికి మూడో నెల పాప. ఇక్కడ మిర్చి ఏరే సీజన్ నడుస్తోంది. మనుషులు దొరకడం లేదు కాబట్టి కూలి రేటు కూడా బాగానే ఉంది. పొద్దున తొమ్మిదికి చేనుకు పోతే ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. అందాకా పాపకు నాయనమ్మ ఆవుపాలలో సగం నీళ్ళు కలిపి పడుతోంది. అంగన్‌వాడీ గోడ మీద మాత్రం ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలని రాసి ఉంది.

తల్లికి అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. పిల్లకు ఏడో నెల నుంచి బాలామృతం పిండి వస్తుంది. ఈలోపు కూలికి పోక తప్పని తల్లి ఏం చేయాలి? నేను అడిగేది ఒక్కటే: కావాలన్న తల్లికి అంగన్‌వాడీలోనే పాలపొడి డబ్బా ఉచితంగా ఎందుకు ఇవ్వకూడదు? నీళ్ళపాలకన్నా అది నయమే కదా? అమెరికాలో పేద తల్లులకు ‘విక్’ అనే పథకంలో ఇస్తారట. తల్లిపాల గొప్పతనం మీద ఉపన్యాసాలు వద్దు, అవి ఏటా ఆగస్టు మొదటి వారంలో వింటూనే ఉన్నాం.

టీచరమ్మ_హసన్‌పర్తి

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. నా మాట: వద్దు.

లెక్క వేసి చూడండి. మూడో నెల పిల్లకు పూర్తిగా డబ్బా పాలే పడితే 400 గ్రాముల ప్యాకెట్ నాలుగు రోజులు వస్తుంది. అంటే నెలకు ఏడెనిమిది ప్యాకెట్లు. సర్కారు అన్ని ఇస్తుందా? రెండో మూడో ఇచ్చి ఊరుకుంటుంది. అప్పుడు ఇంట్లో ఏం చేస్తారు? నెలంతా రావాలని పలచగా కలుపుతారు. ఆవుపాలలో నీళ్ళు పోసే నాయనమ్మ దీంట్లో మాత్రం పోయదా? పైగా సీసా, ఆ సీసా కడిగిన నీళ్ళు, ఈగలు. విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రి ఖర్చు వేరే.

ఇంకో భయం కూడా ఉంది. నా చేతి మీదుగా డబ్బా ఇస్తే, కూలికి పోని తల్లులు కూడా ‘సర్కారే ఇస్తుందంటే మంచిదే కదా’ అంటారు. పిల్ల చీకితేనే పాలు పడతాయి. పూటకో సీసా మొదలైతే రొమ్ము పట్టడం తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. తర్వాత వచ్చి ‘టీచరమ్మా, పాలు పడ్తలేవు’ అంటారు.

కూలి ఇబ్బంది నాకూ తెలుసు. భోజనం సెంటర్‌లో కూర్చోబెట్టే పెట్టాలి, అదేమో మధ్యాహ్నం. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, మిర్చికి బాలింతలు ఎవరూ రారు. ఇంటికి పంపిస్తే గుడ్డు పెద్ద పిల్లగాడు తింటాడు, పాలు చాయ్‌లోకి పోతాయి.

చాయ్‌బండి_కాజీపేట

కరోనా అప్పుడు ఇంటికే ఇచ్చారు కదా టీచరమ్మా, అప్పుడు పోలేదా చాయ్‌లోకి?

టీచరమ్మ_హసన్‌పర్తి

పోయినయి అన్నా. చూసే చెప్తున్నా.

వార్డు_సిస్టర్

ఒక ప్రభుత్వ ప్రసూతి వార్డులో పనిచేస్తాను. ‘పాలు పడ్తలేవు’ అనే మాట మిర్చి చేనులో పుట్టలేదు, కాన్పు అయిన రోజే మా దగ్గర పుడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. పుట్టిన గంటలో ముర్రుపాలు తాగిన పిల్లలు 37.1 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకేం చెప్పక్కర్లేదు. తల్లి ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది, బయట బంధువుల చేతిలో పిల్ల ఏడుస్తుంటుంది. ఒకరు తేనె అంటారు, ఒకరు చక్కెర నీళ్ళు, ఇంకొకరు మెడికల్ షాపుకు పరుగెత్తి డబ్బా తెస్తారు. నిజానికి మత్తు దిగేదాకా ఆగక్కర్లేదు, పక్కన పట్టుకునే మనిషి ఉంటే సిజేరియన్ తల్లి కూడా మొదటి గంటలోనే పట్టవచ్చు. ఆ మనిషి ఉండడం లేదు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్‌కు ఎంతమంది బాలింతలుంటారో వార్డుకు వచ్చి చూడండి.

చట్టం సంగతి కూడా చెప్తాను. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి, సీసాలకు ప్రకటనలు, ఉచిత శాంపిళ్ళు నిషేధం. అనాథాశ్రమాలకు, ఆసుపత్రుల ద్వారా పాలివ్వలేని పేద తల్లులకు తప్ప ఊరికే పంచడానికి కూడా వీల్లేదు.

నర్సంపేట_బిడ్డ

ఆ చట్టం కంపెనీల కోసం పెట్టింది సిస్టర్. కంపెనీ అమ్ముకోవడానికి పంచడం, ఆకలిగా ఉన్న పిల్లకు సర్కారు ఇవ్వడం ఒకటేనా? చట్టం మాట వస్తే ఇదీ చూడండి: ఆఫీసుల్లో, కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్ళకు 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు. మిర్చి కూలికి ఎన్ని వారాలు? చట్టం పాలపొడిని ఆపింది సరే, మా మరదలిని ఇంట్లో ఆపేది ఏది?

మెట్‌పల్లి_బీడీ

ఇంట్లోనే పని ఉంటే పాలివ్వచ్చు కదా అనేవాళ్ళ కోసం. మా అమ్మ బీడీలు చుట్టేది, ఇప్పుడు మా అక్క చుడుతోంది. కూలి వెయ్యి బీడీల లెక్క. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ లేస్తే వెయ్యి పూర్తి కావు. తంబాకు అంటిన చేతులు కడుక్కోకుండా పిల్లను ఎత్తుకోకూడదు, కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంటే పావుగంట పోయినట్టే. ఇంట్లో ఉండడం వేరు, తీరిక ఉండడం వేరు.

డల్లాస్_ఓరుగల్లు

విక్ గురించి ఎత్తారు కాబట్టి చెప్తాను. అది 1972లో ప్రయోగంగా మొదలైంది. పాలపొడి ఇస్తారన్నది నిజమే. దేశంలో అమ్ముడయ్యే పిల్లల పాలపొడిలో సగానికి పైగా ఆ పథకం ద్వారానే పోతుంది. కానీ పాలిచ్చే తల్లికి అక్కడ ఏడాది దాకా సరుకులు అందుతాయి, పాలివ్వని తల్లికి ఆరు నెలలే. పాలిచ్చే తల్లుల సరుకు ఎక్కువ కూడా. తామూ పాలిచ్చి పెంచిన అదే బస్తీ తల్లులను సలహాదారులుగా పెట్టుకుని, జీతమిచ్చి, ఫోన్‌లో అందుబాటులో ఉంచుతారు.

డబ్బా వైపు కథ ఇంకోలా ఉంది. ప్రతి రాష్ట్రం ఒక్క కంపెనీతోనే ఒప్పందం పెట్టుకుంటుంది. 2022లో అబాట్ అనే పాలపొడి కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి మూతపడేసరికి దుకాణాల్లో అరలు ఖాళీ. ముందు ఇబ్బంది పడింది ఈ పథకం మీద ఆధారపడ్డ పేద తల్లులే. కాబట్టి విక్ నుంచి తీసుకోవాలనుకుంటే డబ్బా వదిలేసి ఆ ఏడాది గడువు తీసుకోండి. మన దగ్గర భోజనం ఆరు నెలలకే ఆగిపోతుంది, పాలు మాత్రం రెండేళ్ళు ఇవ్వమంటారు. ఏడో నెల తల్లికి ఆకలి వేయదా?

చాయ్‌బండి_కాజీపేట

పాయింటే. కానీ అక్కడ నల్లా నీళ్ళు అలాగే తాగుతారు. డబ్బా కలపడంలో సగం గొడవ నీళ్ళదే.

జనగామ_లెక్కలు

అందరూ తిండి దగ్గరే తిరుగుతున్నారు, అసలు సమస్య పోయే కూలి. 2013 ఆహార భద్రత చట్టంలో బాలింతకు కనీసం 6,000 రూపాయలు అని రాశారు. ఆరు నెలలకు పంచితే రోజుకు 33 రూపాయలు. ఆ 33 చూసి మిర్చి కూలి మానుకునే మనిషి ఉంటుందా? మన దగ్గర 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు మగపిల్లాడైతే 12,000, ఆడపిల్ల అయితే 13,000 పెట్టారు. అది సర్కారు దవాఖానకు రప్పించడానికి పెట్టింది, ఆ పని చేసింది కూడా. పాలివ్వడానికి తీరిక కొనే డబ్బు కాదది. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న పథకంలో కిట్లతో కలిపి 18,000. అదీ చాలదు, కానీ ఆ దారిలో ఉంది. నా వరకు అయితే పోస్టర్ల ఖర్చంతా ఆపి, కాన్పు తర్వాత మూడు నెలలు ఉపాధి హామీ కూలి రేటుతో నేరుగా ఖాతాలో వేయాలి.

నర్సంపేట_బిడ్డ

డబ్బిస్తే డబ్బా అడగను. కానీ మీరు చెప్పే డబ్బు వచ్చే సరికి మా పాప బడికి పోతుంది. ఇంకోటి, తల్లి లేని పిల్లల సంగతి? నెల తక్కువ పిల్లల సంగతి?

వార్డు_సిస్టర్

వాళ్ళది వేరే లెక్క. డాక్టరు రాస్తే డబ్బా పాలు పట్టాల్సిందే, అందులో తప్పు లేదు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. అలాంటిది ఉత్తర తెలంగాణ జిల్లాల్లోనూ ప్రతి పెద్ద ప్రసూతి ఆసుపత్రికి కావాలి. దాని కోసం కొట్లాడితే నేనూ వస్తాను.

చాయ్‌బండి_కాజీపేట

పథకాలు తర్వాత. రేపు పొద్దున ఆ చెల్లె ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

వార్డు_సిస్టర్

ముందు ఆ నీళ్ళు కలిపిన ఆవుపాలు ఆపించండి. చేనుకు పోయే ముందు పాపకు కడుపునిండా పట్టి, మిగిలిన పాలు శుభ్రంగా కడుక్కున్న చేతులతో పిండి, వేడినీళ్ళలో మరిగించిన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచాలి. ఫ్రిజ్ ఉంటే ఫ్రిజ్‌లో, లేకపోతే కుండనీళ్ళ మధ్యలో. ఫ్రిజ్ లేకుంటే ఈ ఎండకు రెండు మూడు గంటలకు మించి నమ్మొద్దు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టమనండి. చేను దగ్గరైతే మధ్యాహ్నం అన్నాల వేళకు నాయనమ్మ పాపను ఎత్తుకుపోతే ఒక పూట నేరుగా తాగుతుంది. రాత్రి ఎన్నిసార్లు లేచినా పట్టాలి, రాత్రి పట్టిన దానితోనే పాలు నిలుస్తాయి.

నర్సంపేట_బిడ్డ

చేను రెండు కిలోమీటర్లు. ఆటోకు ఎవరు పెడతారు అనకండి, నేనే పెడతాను. మరి ఆమె తిండి? పొద్దున సద్దన్నం తిని పోతుంది.

టీచరమ్మ_హసన్‌పర్తి

నా సెంటర్‌లో అయితే గుడ్డు పొద్దున్నే ఉడికించి, పాలతో సహా నా ముందే తినిపించి పంపుతాను. అన్నం పన్నెండు లోపల కాదు, ఆయమ్మ ఒక్కతే. రిజిస్టర్‌లో ‘భోజనం’ కాలమ్‌లో ఏం రాయాలో సూపర్‌వైజర్‌ని అడగాలి, ఆమె ఒప్పుకోకపోవచ్చు కూడా. మీ ఊరి టీచర్‌ని అడగమను. సీజన్ మూడు నెలలు బాలింతల భోజనం పొద్దున ఎనిమిదిన్నరకు మార్చమని నలుగురు తల్లులు సంతకాలు పెట్టి అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీవోకు ఇస్తే, నేను చెప్పిన దానికన్నా తొందరగా కదులుతుంది.

జనగామ_లెక్కలు

ఆ అర్జీ నమూనా ఇక్కడే పెట్టండి టీచరమ్మా. మా ఊళ్ళో కూడా ఇస్తాం.