ఆటోమేటిక్‌కి అలవాటైన కాలికి క్లచ్ నేర్పడం ఎలా? పాడేరు ఘాట్ ఎక్కాలి

బెల్లం_దిమ్మ:

నమస్కారమండీ. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో సెలేరియో ఏఎమ్‌టీ, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ కారు నడుపుతున్నాను. మెహదీపట్నం, అమీర్‌పేట, పంజాగుట్ట, సాయంత్రం ఆరింటి ట్రాఫిక్, అన్నీ చూశాను. నీకు డ్రైవింగ్ రాదు అని ఎవరైనా అంటే ఊరుకోను. కానీ గేర్ల బండి మాత్రం రాదు. ఇప్పుడదే వచ్చి మెడకి చుట్టుకుంది.

బ్యాంకులో నన్ను కొండ మీదున్న పాడేరుకి బదిలీ చేశారు. పిల్లాడి స్కూలు వల్ల మావారూ సెలేరియో హైదరాబాద్‌లోనే. అనకాపల్లిలో నాన్నగారి 2012 స్విఫ్ట్ డీజిల్ ఉంది, ఆయన ఇప్పుడు పెద్దగా తీయట్లేదు, నన్ను తీసుకోమన్నారు. శుక్రవారం రాత్రి దిగడం, సోమవారం పొద్దున్న ఎక్కడం.

మీకు లైసెన్సు ఎలా వచ్చిందని అడుగుతారు, ముందే చెప్పేస్తాను. 2015లో గేర్ల బండి మీదే నేర్చుకున్నాను. ఆ స్కూలు బండిలో నేర్పేవాడి వైపు కూడా క్లచ్చూ బ్రేకూ ఉండేవి. నెల రోజులు నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను, బండి ఆయన నడిపాడు. ఆ సంగతి నాకు పదేళ్ల తర్వాత మొన్న అర్థమైంది.

మొదటి రోజే చిన్న ఘనకార్యం. నాన్నగారికి బండిని గేర్‌లో వేసి ఆపే అలవాటు. నేను అలవాటు కొద్దీ కూర్చుని తాళం తిప్పాను. క్లచ్ అన్న ఆలోచనే లేదు. బండి కప్పలా ఒక్క గెంతు గెంతి గేటు పక్క మల్లె కుండీని పగలగొట్టింది. బంపర్ గురించి ఎవరూ ఏమీ అనలేదు, కుండీ గురించి అమ్మ ఇంకా అంటూనే ఉంది.

పది రోజులుగా పొద్దున్నే ఖాళీ లేఅవుట్లో తిప్పుతున్నాను. చదును మీద పర్వాలేదు. అసలు కష్టం వాలులో. నిన్న వంతెన ఎక్కుతుంటే ముందు లారీ ఆగింది, నేనూ ఆగాను. వెనక చెరకు ట్రాక్టరు. బ్రేకు మీంచి కాలు తీస్తే వెనక్కి, ఆదరాబాదరాగా క్లచ్ వదిలితే ఇంజిన్ ఆఫ్. మూడుసార్లు ఇదే. ట్రాక్టరాయన దిగొచ్చి "అమ్మా, నేను ముందుకి తీసి పెట్టనా?" అన్నాడు. పక్క సీట్లో నాన్నగారు ఒక్క మాట అనకుండా కాలి కింద మ్యాట్‌ని బ్రేకులా తొక్కుతూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

వాలులో బండి వెనక్కి జారకుండా కదలడం ఎలా? ఘాట్ మలుపుల్లో ఏ గేరు? దిగేటప్పుడు ఏం చేయాలి? వచ్చే నెల మొదట్లో జాయిన్ అవ్వాలి.

ఒక్కమాట:

స్విఫ్ట్ అమ్మేసి ఇంకో ఏఎమ్‌టీ కొనుక్కోండి. ఈ రోజుల్లో ఎందుకండీ క్లచ్ బాధలు.

బెల్లం_దిమ్మ:

అమ్మడం గురించి ఇంట్లో ఎత్తి చూడండి, నాన్నగారు రెండు రోజులు అన్నం తినరు. పైగా ఇంటి లోను నడుస్తోంది. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి మీ సలహా సరే. నాకున్నది భయమే.

డాలస్_టు_దువ్వాడ:

మీ బాధ నాకు తెలుసు, ఇంకాస్త ఎక్కువే తెలుసు. పదకొండేళ్లు అమెరికాలో క్యామ్రీ నడిపి వచ్చి గేర్ల బండి ఎక్కాను. అక్కడ డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు, లివరు కుడి చేతికి వస్తుంది. ఇక్కడ నేను గేరు మార్చబోయినప్పుడల్లా కుడిచెయ్యి వెళ్లి తలుపుకి కొట్టుకునేది. మీకు ఆ తిప్పలు లేవు, సగం గెలిచినట్టే.

నాకు పనిచేసింది ఇది. చదును నేల మీద యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, ఒక్క క్లచ్‌తోనే బండి కదిలించండి. మీది డీజిల్ కాబట్టి చక్కగా కదులుతుంది. మెల్లగా పైకి వదులుతుంటే ఒకచోట ఇంజిన్ చప్పుడు దిగుతుంది, సీటు కింద చిన్న వణుకు, బండి ఊపిరి పీల్చినట్టు అవుతుంది. అక్కడ కాలు ఆపాలి. కదలగానే మళ్లీ తొక్కి ఆగండి. రోజుకి యాభైసార్లు. నాలుగో రోజుకి ఆలోచించకుండానే కాలు అక్కడ ఆగడం మొదలుపెట్టింది.

సీటు ముందుకి జరుపుకున్నారా? క్లచ్ అడుగు దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. మీ నాన్నగారు పొడగరి అయితే ఆ సీటు ఇప్పటికీ ఆయన కొలతకే ఉండి ఉంటుంది.

బెల్లం_దిమ్మ:

అవునండీ, అయిదడుగుల పది. నేను కాలి వేళ్లతో క్లచ్ తొక్కుతున్నాను ఇన్నాళ్లూ!

పాడేరు_తాత:

అమ్మా, నాను సెప్తన్నాను, మనవడు రాత్తన్నాడు. ఆడు నా మాటల్ని సదువుకున్నోళ్ల బాసలోకి మార్సేత్తానంటన్నాడు, ఏటీ అనుకోకండి.

ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు చేశాను, అందులో పదకొండేళ్లు ఈ ఘాట్ రూటే. మాడుగుల దాటి గరికబంద చెక్‌పోస్టు దగ్గర్నుంచి కొండ మొదలవుతుంది. అక్కడ భయం ఉన్నవాళ్లే బాగా నడుపుతారు.

ముందు వాలులో కదలడం. ఆగగానే హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగేయండి. ఫస్ట్ గేరు వేయండి. క్లచ్ మెల్లగా వదలండి, పైన బాబు చెప్పిన ఆ వణుకు వచ్చేదాకా. బానెట్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది, కంటికి కనిపిస్తుంది. అప్పుడు కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేకు దింపండి. బండి ముందుకే వెళ్తుంది. వెనకోడు హారన్ కొడితే కొట్టుకోనీండి, వాడి చెయ్యి, వాడి హారను.

రెండోది మలుపు. గేరు మలుపులో మార్చకూడదమ్మా, మలుపుకి ముందే మార్చేయాలి. మలుపులోకి వెళ్లాక రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. మీ బండి మా అల్లుడి దగ్గరా ఉండేది. చిన్న డీజిల్ ఇంజిను, టర్బో అందుకునేదాకా, అంటే ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే ముల్లు రెండు వేల దగ్గరికి వచ్చేదాకా, ఎక్కుడులో బలం ఉండదు. సెకండ్‌లో మెల్లగా హెయిర్‌పిన్‌లోకి దూరితే మధ్యలో నీరసపడి ఆగిపోతుంది. బాగా ఒంపుగా ఉన్న మలుపైతే ముందే వేగం తగ్గించి ఫస్ట్‌కి వచ్చేయండి. సిగ్గేం లేదు, నేను బస్సునీ అలాగే ఎక్కించేవాణ్ణి.

మూడోది దిగడం. ఇదే అసలైనది. ఎక్కిన గేరులోనే దిగాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. బ్రేకు మీద కాలేసుకుని దిగితే అవి వేడెక్కిపోయి, కింద మలుపులో తొక్కితే పట్టవు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లు ఉన్నారు. మనవడు చెప్తున్నాడు, ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరానే ఆగుతుందట, న్యూట్రల్‌లోనే తాగుతుందట. ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లకైతే చేతులెత్తి దణ్ణం. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడిపోతుంది, స్టీరింగూ బరువెక్కిపోతుంది.

ఇరుకు దగ్గర ఎదురుపడితే ఎక్కే బండికే దారి. చట్టంలోనూ ఉంది. దిగేటప్పుడు మీరే ఆగండి.

చలికాలం శని, ఆదివారాలు తెల్లారకుండా వంజంగి కొండ మీంచి మేఘాలు చూడ్డానికి పైనుంచీ కిందనుంచీ బండ్లు వస్తాయి. వాళ్లలో చాలామందికి ఘాట్ కొత్త. పైగా మంచు. మొదటిసారి మాత్రం మామూలు రోజున, ఎండెక్కాక వెళ్లండి.

గ్రీజు_చేతులు:

గాజువాకలో చిన్న షెడ్డు నాది. తాతగారు చెప్పాక చెప్పడానికి పెద్దగా ఏం లేదు, క్లచ్ ప్లేటు తరఫున రెండు మాటలు.

మేడమ్ గారూ, మీ సెలేరియోలో కూడా క్లచ్ ప్లేటు ఉంది. ఏఎమ్‌టీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ బండే చేసుకుంటుంది, అంతే. అంటే తొమ్మిదేళ్లు మీ కాలి పని ఇంకోడు చేసిపెట్టాడు, ఆ డ్రైవింగ్ స్కూలాయన లాగే. ఈ లోపు హైదరాబాద్ వెళ్తే సెలేరియోని మాన్యువల్ మోడ్‌లో పెట్టి ప్లస్, మైనస్‌లతో నడపండి. ఎప్పుడు ఏ గేరు అన్నది అక్కడే తెలిసిపోతుంది. కాలి పని స్విఫ్ట్‌లో విడిగా నేర్చుకోవచ్చు. రెండూ ఒకేసారి నేర్చుకోబోతేనే బుర్ర వేడెక్కుతుంది.

ఇంకోటి, వాలులో హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం వదిలి, బండిని నిలబెట్టకండి. ఆటోమేటిక్ నుంచి వచ్చినవాళ్లు యాక్సిలరేటర్ ఇస్తే బండి నిలబడుతుంది కదా అని అలా ఆపుతారు. కాలిన రబ్బరు లాంటి వాసన వచ్చిందంటే ప్లేటు అరుగుతోందని. గేరు మార్చాక కాలు క్లచ్ మీంచి పూర్తిగా పక్కకి తీసేయాలి, ఆనించి ఉంచకూడదు. నా షెడ్డుకి వచ్చే క్లచ్ పనుల్లో సగం ఆ ఆనించిన కాళ్లవే.

బెల్లం_దిమ్మ:

ఆరు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. అందరికీ చెప్పాలనిపించింది.

ఎక్కాను! మంగళవారం పొద్దున్న తొమ్మిదికి, పక్కన నాన్నగారితో. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. ఆ కాయ కొట్టే టైముకే నా చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. వంట్లమామిడి లోపే ఒక మలుపులో సెకండ్‌లోనే పోనిచ్చాను, తాతగారు చెప్పినట్టే మధ్యలో నీరసపడి ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు. హ్యాండ్‌బ్రేకు లాగాను. ఈలోపు కండక్టరు దిగి ఏమీ అడక్కుండా వెనక చక్రం కింద రాయి పెట్టాడు. ముక్కు లేచేదాకా క్లచ్ వదిలాను, నిజంగానే కంటికి కనిపించిందండీ! కదిలాక అద్దంలో చూస్తే ఆయన రాయి తీసి రోడ్డు అవతలకి విసిరి బస్సెక్కుతున్నాడు.

నాన్నగారి కాలు ఆ రోజు కూడా మ్యాట్ తొక్కుతూనే ఉంది, దిగేటప్పుడు మాత్రం ఆగింది. మాడుగులలో ఆగి హల్వా కొన్నాం. తాతగారూ, మీ అడ్రసు తెలిస్తే ఓ కిలో మీకు.

కొత్త సమస్య ఒకటి. మొన్న సెలవులకి హైదరాబాద్ వెళ్లి సెలేరియో తీశాను. సిగ్నల్ దగ్గర ఆగబోతూ ఎడమ కాలితో క్లచ్ అనుకుని అడుగు దాకా తొక్కాను. అక్కడున్నది బ్రేకు. మావారి టీ మొత్తం డ్యాష్‌బోర్డు మీద. దీనికేమైనా మందుందా?

డాలస్_టు_దువ్వాడ:

నాకిప్పటికీ తగ్గలేదు. ఆటోమేటిక్ ఎక్కగానే ఎడమ కాలిని సీటు కిందకి వెనక్కి లాగేసుకుంటాను. టీ మాత్రం బండిలోకి రానివ్వను.

పాడేరు_తాత:

హల్వా మనవడికి పంపండమ్మా, నాకు సుగరు.