"రత్నకోసిన్"లో ఆ "కో" ఎవరిది? కోశమా, కౌశికుడా?

తీరికప్రయాణం:
బ్యాంకాక్ చూసి వచ్చినప్పటి నుంచి ఒక సమాసం నాలుక మీద ఆడుతోంది, పూర్తిగా పట్టుబడటం లేదు. అక్కడి పెద్ద ఎర్ర ఊయలస్తంభానికి ఎదురుగా నగరపాలక భవనం ఉంది. దాని ముందు ఆ ఊరి అసలు పేరు మొత్తం రాసి పెట్టారు. మాతో ఉన్న స్థానిక ఉపాధ్యాయిని దాన్ని ఎక్కడా ఆగకుండా రాగం కట్టి చదివారు. నా చెవికి అందింది ఇంతే: "అమొన్ రత్తనకోసిన్ మహిన్తరాయుత్తయా... నొప్పరత్ రాచథానీ...", చివరన "విట్సనుకమ్ ప్రసిత్". అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న రాజధాని వెంటనే తెలిసిపోయాయి. "కోసిన్" దగ్గర ఆగిపోయాను. రత్నకోశం అనుకుందామంటే చివర ఆ "ఇన్" ఎందుకు? మధ్యలో జారిపోయిన భాగం ఎవరికైనా వస్తే దయచేసి ఇవ్వండి.

నిఘంటుప్రియ:
పూర్తి పాఠం ఇదిగో. ఉచ్చారణ పక్కన పెట్టి, వాళ్ల రాతలోని అక్షరాలకు మన అక్షరాలు పెడుతున్నాను.

క్రుంగ్ దేవ మహానగర, అమరరత్నకోసింద్ర, మహింద్రాయుధ్యా, మహాతిలకభవ, నవరత్నరాజధానీపురీరమ్య, ఉత్తమరాజనివేశనమహాస్థాన, అమరవిమాన అవతారస్థిత, సక్కదత్తియవిష్ణుకర్మప్రసిద్ధి.

"క్రుంగ్" ఒక్కటి పక్కన పెడితే మనకు తెలియని మాట లేదు. థాయిలో పదం చివరి రేఫ నకారంగా పలుకుతుంది. అందుకే అమర "అమొన్" అయింది, నగర "నఖొన్" అయింది. ఇంద్రలో చివరి "ద్ర" రాతలోనే ఉండి, పలకడంలో పోయి "ఇన్" మిగిలింది. మీరు విన్న "ఇన్" ఇంద్రుడే. ముందున్నది కౌశికుడు, అదీ ఇంద్రుడి పేరే. అమరకోశం నానార్థవర్గంలో "మహేంద్రగుగ్గులూలూకవ్యాలగ్రాహిషు కౌశికః" అన్నాడు కదా! ఇంద్రుడి రత్నం ఆ నగరం. ఇందులో తేల్చవలసింది ఏమీ లేదు.

తాలవ్యపక్షం:
తేల్చవలసింది చాలా ఉందండీ. థాయి లిపిలో శ, ష, స మూడింటికీ మూడు అక్షరాలు ఉన్నాయి. పలకడంలో తేడా పోయింది కానీ రాతలో వదులుకోలేదు. ఈ పేరులోనే చూడండి: నివేశనలో తాలవ్య శ, విష్ణులో మూర్ధన్య ష. కౌశికుడే అయితే ఔత్వమూ శకారమూ ఏమైనట్టు? అక్కడున్నది ఓత్వం, దంత్య సకారం. కౌశికలోని రెండో కకారం జాడ అసలే లేదు.

నా మట్టుకు అది నిధే. ఆ నగరం కట్టిందే ఒక రత్నం చుట్టూ. 1782 ఏప్రిల్ 21న నగరస్తంభం నాటారు. మొదటి రామరాజు రాజప్రాసాదాన్నీ మరకత బుద్ధుడి ఆలయాన్నీ ఒకే ప్రాకారంలో పెట్టించాడు. విగ్రహం ఎత్తు 66 సెంటీమీటర్లే. అంత పెద్ద మంటపంలో అంత ఎత్తున కూర్చోబెట్టారు కనుక, కింద నుంచి చూస్తే అరచేతిలో పట్టేంత పచ్చదనం కనబడుతుంది. వేసవికి, వానకు, చలికి మూడు బంగారు ఉడుపులు ఉన్నాయి. ఋతువు మారినప్పుడు రాజే స్వయంగా మారుస్తాడు. రాయి జాతికి పచ్చ కాకపోయినా వాళ్లు "మొరకొత్" అనే అంటారు, అంటే మన మరకతమే. ఇది రత్నకోశం కాకపోతే మరేది?

నిఘంటుప్రియ:
కోశంలోనూ శకారమే కదా, తాలవ్యపక్షం గారూ. మీ బాణం మీకే తగులుతోంది. పైగా కోశ, ఇంద్ర కలిస్తే గుణసంధి వచ్చి "కోశేంద్ర" కావాలి. కోసింద్ర ఎలా అవుతుంది?

పాళీపాఠి:
ఇద్దరూ సంస్కృతం గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఈ మాట వచ్చిన దారి పాళీ. పాళీలో ఉన్నది ఒక్కటే సకారం. కోశం "కోస" అవుతుంది, కౌశికుడు "కోసియ" అవుతాడు. సుత్తాల్లో శక్రుణ్ని "కోసియ" అని పిలవడం ఉంది. కనుక సకారంతో రెండు పక్షాల్లో దేనికీ లాభం లేదు, నష్టమూ లేదు.

సంధి సంగతి ఆ పక్క మాటలోనే ఉంది. మహా, ఇంద్ర కలిస్తే మనకు మహేంద్ర. వాళ్లకు మహింద్ర, ఎందుకంటే పాళీలో ముందు అచ్చు లోపించి "మహింద" అవుతుంది. దానికి సంస్కృతపు "ద్ర" అతికించారు. అదే పద్ధతిలో కోస, ఇంద కలిస్తే కోసింద, దాని నుంచి కోసింద్ర. ఇది నిధి పక్షానికి బలం. కోసియ, ఇంద కలిస్తే మాత్రం "య" ఎక్కడికి పోయిందో చెప్పాలి. అయినా థాయి నిఘంటువుల్లో "కోసిన్" మాటకు ఇంద్రుడనే అర్థం ఇస్తారు. వ్యాకరణం ఒకవైపు, వాడుక ఇంకొకవైపు.

ఈ పేరు రాసినవారు రెండు భాషలనూ నిస్సంకోచంగా కలిపారు. చివరి సమాసంలో "సక్క" (శక్రుడు) పాళీ, దాని వెంటనే "విష్ణుకర్మ" (మన విశ్వకర్మే) సంస్కృతపు రాత.

గోదావరిగట్టు:
నాదొక ఊహ. అక్కడ పాతనగరాన్ని "కో రత్నకోసిన్" అంటారు, ద్వీపం అని అర్థం. ఒకవైపు చావ్ ఫ్రయా నది, మిగతా వైపుల తవ్వించిన కాలువలు. వాళ్ల భాషలో "కో" అంటేనే ద్వీపం. మన సమాసంలోని "కో" కూడా అదేనేమో?

పాళీపాఠి:
కాదండీ. ఆ "కో" రాతే వేరు, అచ్చు కూడా వేరు. అది పేరుకు ముందు చేరిన అచ్చమైన థాయి మాట. రెండు సంస్కృత పదాల నడుమ దూరదు.

పెద్దనపక్షం:
"కో" గురించి ఇంత జరుగుతోంది, దాని ముందున్న "అమర"ను ఎవరూ పట్టించుకోవడం లేదు. మొదట పెట్టిన పేరులో అమర లేదు! "బవొన్ రత్నకోసిన్" అని ఉండేది. నాలుగో రామరాజు మొంగ్‌కుత్ దాన్ని "అమొన్" అని మార్చాడు. ఇంతకీ బవొన్ అంటే ఏమిటి? పాళీలో పవర, సంస్కృతంలో ప్రవర. రేఫ నకారమయ్యే సూత్రం ఇక్కడా పనిచేస్తోంది. మొంగ్‌కుత్ రాజు కాకముందు భిక్షువుగా అధిపతిగా ఉన్న విహారం పేరు కూడా "బవొన్నివేత్", అంటే ప్రవరనివేశం.

ప్రవర అనగానే పెద్దన మనుచరిత్రలోని మన ప్రవరుడు గుర్తుకు రాకుండా ఉంటాడా? తీర్థయాత్రికులు ఇంటికి వస్తే ఎదురేగి, వాళ్లు చూసిన చోట్లన్నీ అడిగి తెలుసుకునే మనిషి. ఔషధసిద్ధుణ్ని ఏమడిగాడు?

"ఏ యే దేశములన్ జరించితిరి మీ రే యే గిరుల్ సూచినా
రే యే తీర్థములందు గ్రుంకిడితి రే యే ద్వీపముల్ మెట్టినా..."

ఊళ్లు చూసివచ్చినవారిని మనం ఈనాటికీ అడగవలసిన ప్రశ్నలు ఇవే, ఈ వరుసలోనే. "మెట్టినారు" అన్న మాట చూడండి, ఓడ దిగి కాలు మోపిన చప్పుడు వినబడుతుంది. "చూసినారు" అని ఉంటే ఆ బరువు వచ్చేదా? పెద్దనకు ద్వీపాంతరాల సంగతి బాగా తెలుసు అనడానికి ఈ ఒక్క క్రియ చాలు.

తాలవ్యపక్షం:
ఆ ద్వీపాలు సప్తద్వీపాలండీ. జంబూద్వీపం మొదలైనవి. పురాణపు సిద్ధుణ్ని పురాణపు భూగోళం అడిగాడు. సువర్ణద్వీపానికి పడవ కట్టించకండి.

చెన్నపట్నవాసి:
తీరికప్రయాణం గారూ, మీరు నిలబడిన ఆ ఊయలస్తంభం దగ్గరే అసలు దక్షిణాది సంగతి ఉంది. దాని పక్కనే 1784లో కట్టిన దేవస్థాన్ ఉంది, బ్రాహ్మణుల ఆలయం. అక్కడ జరిగే ఉత్సవం పేరు "త్రియంపవాయ్ త్రిపవాయ్". పలికి చూడండి: తిరువెంబావై, తిరుప్పావై. ధనుర్మాసంలో మన ఇళ్లలో వినబడేవే సముద్రం దాటి వెళ్లి, ఈ రూపంలో నిలిచాయి. ఆ అర్చకులు తమిళ పాశురాలను గ్రంథలిపి ప్రతుల నుంచి చదివే సంప్రదాయం ఉంది. ఊయల మీద మనుషులు నిలబడి ఎత్తుకు ఊగుతూ, వెదురు గడకు కట్టిన నాణేల సంచిని పళ్లతో అందుకునేవారు. 1935 తరవాత ఊగడం ఆగిపోయింది. ఇప్పుడున్న టేకు స్తంభాలు 2007లో నిలబెట్టినవి.

గోదాదేవి కథను కావ్యం చేసిన భాష మనది. బ్యాంకాక్‌లో ఆండాళ్ పాట పేరు మోస్తున్న స్తంభం ముందు నిలబడి "కోసిన్" గురించి ఆలోచించారంటే నాకు మనసులో కొంచెం కష్టంగానే ఉంది.

తీరికప్రయాణం:
ఈ సంగతి తెలిసినందుకు ఎంతో సంతోషం. అయినా నా ప్రశ్న నాకు ముద్దు. ఇంద్రుడి పక్షానికి నేను చూసిన సాక్ష్యం ఒకటి ఇస్తాను. ఆ నగరపాలక సంస్థ ముద్ర మీద వజ్రం పట్టుకుని ఐరావతం ఎక్కిన ఇంద్రుడే ఉన్నాడు. వాట్ అరుణ్‌లోనూ అంతే. థా తియెన్ రేవులో పడవెక్కి అవతలి ఒడ్డుకు దాటితే, ఆ పెద్ద శిఖరం గూళ్లలో మూడు తలల ఏనుగు మీద ఇంద్రుడు కనబడతాడు. దగ్గరికి వెళ్తే శిఖరమంతా చీనా పింగాణీ పెంకులు. ఒక్కొక్క పెంకునూ రేకలా కోసి, నాలుగైదు కలిపి పువ్వు చేశారు, మధ్యలో చిన్న గిన్నె అడుగు దుద్దు అయింది. మెట్లు దిగాక గుమ్మం దగ్గర ఇద్దరు యక్షులు. తెల్లనివాడు "సహత్సదేచ", పచ్చనివాడు "తోత్సకన్". సహస్రతేజుడు, దశకంఠుడు!

పెద్దనపక్షం:
అంబరచుంబి! ఆ శిఖరానికి ఇంకో విశేషణం అక్కర్లేదు. "అటజని కాంచె భూమిసురు డంబరచుంబి" అని మొదలుపెట్టాక, ఏ ఎత్తైన కట్టడం ముందు నిలబడినా తెలుగువాడికి నోట వచ్చేది అదే.

గోదావరిగట్టు:
అరుణాలయానికి పాత పేరు వాట్ మకోక్. మకోక్ అంటే అంబాళం కాయ. బాంగ్ అంటే ఏటి ఒడ్డు పల్లె. "బ్యాంకాక్" ఆ అంబాళపు పల్లె నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. ఇంత ఇంద్రవైభవం ఉన్న పేరు పుస్తకాల్లో ఉండిపోయింది, అంబాళం కాయ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. నాకు ఆ పల్లె పేరే ఇష్టం.

నిఘంటుప్రియ:
మళ్లీ దారిలోకి వద్దాం. మరకత బుద్ధుడి పురాణగాథ ప్రకారం, పాటలీపుత్రంలో నాగసేనుడు బుద్ధ విగ్రహం చేయించదలచినప్పుడు రత్నం తెచ్చింది శక్రుడు, వెంట వెళ్లింది విశ్వకర్మ. నగరం పేరు చివర్లోనూ వాళ్లిద్దరే: శక్రుడు ఇచ్చాడు, విశ్వకర్మ కట్టాడు. మొదలు "రత్న", నడుమ "మహింద్ర", చివర "సక్క". పేరు పెట్టినవారి మనసంతా ఆ గాథ మీదే ఉంది. ఆ రత్నం ఇంద్రుడు తెచ్చినదే అయినప్పుడు "రత్నకోసింద్ర"లో ఇంద్రుడి రత్నం కాక ఇంకేముంటుంది?

తాలవ్యపక్షం:
తెచ్చినవాడు ఇంద్రుడు, ఒప్పుకుంటాను. దాచిన చోటు కోశం. నగరం అనేది చోటు కదా? చోటుకు పేరు పెడుతూ రత్నం అంటారా, రత్నం ఉన్న చోటు అంటారా? ఇంగ్లీషులో అనువదించేవారు కూడా "మరకత బుద్ధుడి నెలవు" అని రాయడం నేను చూశాను. ఇక కౌశికుడంటేనే ఇంద్రుడైనప్పుడు మళ్లీ ఇంద్ర ఎందుకు? పునరుక్తి.

నిఘంటుప్రియ:
దేవేంద్రుడు అన్నప్పుడు పునరుక్తి కానిది కౌశికేంద్రుడు అంటే అవుతుందా? శ్రేష్ఠార్థంలో చేర్చిన ఇంద్రశబ్దం అది. గజేంద్రుడు, మృగేంద్రుడు లేరా?

పాళీపాఠి:
ఆ "య" సంగతి మీరు ఇంకా చెప్పలేదు.

ఒక చిన్న చేర్పు. మొదటి సందేశంలో "అయోధ్య" అన్నారు. అక్కడి రాత అయుధ్య, యుద్ధంతో గెలవరానిది. 1767లో బర్మా సైన్యం అయుధ్య నగరాన్ని కాల్చి నేలమట్టం చేసింది. 15 ఏళ్లకు కట్టిన రాజధానికి మళ్లీ అదే మాట పెట్టారు, ఈసారి మహేంద్రుడి అండ చేర్చి. ఆ పేరులో నన్ను కదిలించేది ఆ మాటే. కోసిన్ తరవాతే.

చెన్నపట్నవాసి:
ద్వీపాల మాట వదలకండి. ఆముక్తమాల్యదలో రాయలు రేవులను వృద్ధి చేయమని, ఏనుగులు గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించమని రాజనీతిగా చెప్పాడు. ఆ కొలువులో కూర్చున్న పెద్దనకు ద్వీపం అంటే పురాణపు మాట మాత్రమే అని నేను నమ్మను.

తాలవ్యపక్షం:
అయితే సిద్ధుడి జవాబు చదవండి. కేదారేశుడు, హింగుళ, ప్రయాగ, బదరి. అన్నీ నేల మీదివే. ద్వీపం గురించి అడిగితే ఒక్క ద్వీపం పేరైనా చెప్పాడా?

పెద్దనపక్షం:
ఆ పద్యం చివరి మాట మింగేశారు. "చూచితి సమస్తాశావకాశంబులన్". ఆశ అంటే దిక్కు. ఆగ్నేయం దిక్కు కాదా? పడమట హింగుళ దాకా నడిచినవాడు తూర్పున సముద్రం చూసి వెనుదిరిగాడని ఎలా అంటారు? "ద్వీపముల్ మెట్టినారు" దగ్గర పాఠాంతరం ఏదైనా ఉందేమో, పాత ముద్రణలు దగ్గర ఉన్నవారు చూసి చెప్పండి. తాలవ్యపక్షం గారి సప్తద్వీపాల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.